సెకండ్ షో ఆడని హాలు

రేపల్లెలో వెంకట్రామయ్య హాలని ఒక సినిమా హాలుండేది. పెనుమూడి రోడ్డు ఊళ్ళోకి తిరిగే మలుపులో రేకుల కప్పు, ముందు రెండు కొబ్బరిచెట్లు, గోడల నిండా ఒకదాని మీద ఒకటి అంటించిన వాల్‌పోస్టర్లు. పగలు చూస్తే భయపడాల్సింది ఏమీ కనపడదు. మ్యాట్నీ ఆడేది, ఫస్ట్ షో ఆడేది. సెకండ్ షో మాత్రం లేదు.

ఆడించేవాళ్ళు లేక కాదు... చూసేవాళ్ళు లేక.

డెబ్బయ్యో సంవత్సరం వచ్చేసరికి ఆ హాలుకి అంత చెడ్డపేరు వచ్చింది. ఫస్ట్ షో జనం పోయాక, తలుపులకి తాళాలు పడ్డాక, ఊరు సద్దుమణిగాక— లోపల్నించి ఒక ఆడగొంతు పాడుతుందని చెప్పుకునేవాళ్ళు. ఎక్కువసేపు కాదు, ఒక నిమిషం. అదీ తిన్నగా పాడదు. ఒక చోట తెగుతుంది... ఇంకెక్కడో అందుకుంటుంది... మళ్ళీ తెగుతుంది. పాట అయ్యాక చప్పట్లు. జనమంతా కొట్టే చప్పట్లు కాదు, ఒక్క మనిషివి.

రైసుమిల్లు కాపలావాడు అది విని మూడు రోజులు జ్వరంతో మూలిగాడు. ఒక బండివాడి ఎద్దులు ఆ మలుపులో నిలబడిపోయి కాడి దించేదాకా కదల్లేదట. ఆ బండివాడు ఆ వేళప్పుడు సారాకొట్టు నుంచి వస్తున్నాడన్న సంగతి మాత్రం కథలో ఎవరూ కలపరు.

ఎవరా పాడేది అంటే దానికీ సమాధానం సిద్ధంగా ఉంది. ఎప్పుడో ఒక సినిమాలో ఒకే ఒక్క పాట పాడిన మనిషట. ఆ పాట తీసేశారని కాలవలో పడి చచ్చిపోయిందట. మన ఊళ్ళలో ఆడమనిషి నాలుగు రోజులు కనపడకపోతే జనం రెండే దారులు చూపిస్తారు. ఒకటి మద్రాసు, రెండు కాలవ. మద్రాసు నుంచి కబురేమీ రాకపోతే ఇక కాలవే.

ఇదంతా నాకు చెప్పింది మా మేనమామ ఆదెయ్య. మాది చీరాల. మగ్గాల మీద దిగిన చీరలు మూటగట్టి బాపట్ల, తెనాలి, రేపల్లె తిరిగి ఇంటింటా అమ్మడం ఆయన పని. మాటకారి, అంతకు మించి పిరికివాడు. "పిరికివాణ్ణి గనకే నిజం చెబుతున్నాన్రా, ధైర్యం ఉన్నవాడైతే ఇంకా కల్పించేవాడు" అనేవాడు.

పైగా పాటంటే పడిచచ్చే మనిషి. నాటకంలో పద్యం బావుంటే "వన్స్ మోర్" అని మొదటి కేక ఆయనదే. నటుడు మళ్ళీ పాడేదాకా వదిలేవాడు కాదు. అంత బక్క శరీరంలోంచి అంత కేక ఎలా వచ్చేదో ఆయన సొంత అక్క, మా అమ్మకి కూడా అంతుబట్టలేదు.

ముందు ఆ సినిమా సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ దెయ్యం లేదు.

అరవై నాలుగులో వచ్చింది. పేరు 'పాటకు పట్టాభిషేకం'. పెళ్ళిళ్ళలో మంగళహారతులు పాడే ఒక పిల్లకి హార్మోనియం వాయించే కుర్రాడు పాట నేర్పుతాడు. మనసులు కలుస్తాయి. మద్రాసు తీసుకెళ్తాడు. అక్కడ ఆమె పేరు పెరుగుతుంది... అతని పేరు తరుగుతుంది. చివరికి ఆమె సన్మానసభలో అతనికి కుర్చీ వేసే దిక్కుండదు. ఎక్కడో వెనకాల నించుంటాడు. ఆమె అతన్ని చూసి, మెళ్ళో వేసిన దండ తీసి పక్కన పెట్టి, ఒక పాట ఎత్తుకుంటుంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్కటే ప్రింటు. తెనాలిలో ఆడి, బాపట్లలో ఆడి, ఆ రీళ్ళ పెట్టెలే రేపల్లె వచ్చాయి. మా మావయ్య కూడా చీరల మూటతో వాటి వెనకే వచ్చాడు.

తెనాలి జనం నాటకాలు చూసి చూసి రాటుదేలినవాళ్ళు. ఏడుపొచ్చినా బయటపడరు. "గొంతు బావుంది గానీ ఆ అబ్బాయి మరీ మెతక" అని తూచి చెప్పి, సోడాలు తాగి ఇళ్ళకి పోయారు. బాపట్లలో కాలేజీ కుర్రాళ్ళు ప్రేమపాటలకి ఈలలేశారు. ఆ హార్మోనియం అబ్బాయి తాగుడు మొదలెట్టగానే "ఆమెకి పేరొస్తే నీకేంట్రా బాధ" అని అరిచారు. కుర్చీ క్లాసులో పెద్దమనుషులు మాత్రం లోపల్లోపల అతని పక్షమే, పైకి దగ్గి ఊరుకున్నారు.

ఇక రేపల్లె. రేపల్లె జనం సినిమా చూడరు, అందులోకి వెళ్ళి కూచుంటారు. ఆ పిల్ల మద్రాసు రైలెక్కుతుంటే ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఒకావిడ "చద్దిమూట మర్చిపోయావే తల్లీ" అంది. ఆమెకి మేడ, కారు వచ్చాక "పొంగిపోకు, ముందు వాడి మొహం చూడు" అని ఇంకొకావిడ. సన్మానసభలో అతనికి కుర్చీ వేయకపోయేసరికి నేల టిక్కెట్టులో కూచున్న ఒక రైతు జరిగి, తన పక్కన తువ్వాలు పరిచి "ఇట్రా అబ్బాయ్, ఇక్కడ కూచో" అన్నాడట. మావయ్య ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మాను, ఆ ఊరి సంగతి నాకూ తెలుసు గనక.

అప్పుడొచ్చేది ఆ పాట.

*ఊరు ఊరంతా విన్నది నా పాట...*
*నువ్వొక్కడివే వినలేదా...*

సినిమాలో మిగిలిన పాటలన్నీ పెద్ద పేరున్న గొంతువి. ఈ ఒక్కటి మాత్రం ఎవరో కొత్త మనిషి. సన్నటి గొంతు, చివర్లో కాస్త జీర. టైటిల్స్‌లో పేరు పడే ఉంటుంది. ఆ సమయానికి నేల జనం ఇంకా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ లోపలికి వస్తూనే ఉంటారు.

మొదటి రోజు పాట అవగానే మావయ్య లేచి "వన్స్ మోర్" అని కేకేశాడు. నాటకాల అలవాటు. తెరమీద బొమ్మకి చెవులుంటాయా అని ఆయనకి తట్టలేదు. హాలంతా ఆ కేక అందుకుంది. యజమాని వెంకట్రామయ్యగారు కూడా నాటకాల పిచ్చి ఉన్నవాడే. "అంతమంది అడుగుతుంటే వేయకపోతే ఎలా" అని మిషను గదిలోకి కబురు పంపాడు. ఆపరేటర్ మిషను ఆపి, రీలు చేత్తో వెనక్కి చుట్టి, పాట మళ్ళీ వేశాడు.

దాంతో అది ఆనవాయితీ అయిపోయింది. ఆట ఆటకీ వన్స్ మోర్. ఒక్కో ఆటకి రెండుసార్లు, మూడుసార్లు. పెనుమూడి రేవు అవతలి ఊళ్ళవాళ్ళు పడవలెక్కి ఆ పాటకోసం వచ్చారు. మావయ్య మూడు వారాల్లో పద్దెనిమిదిసార్లు చూశాడు. ఆ మూడు వారాలూ చీరల మూట మూటగానే ఉంది.

మూడో వారం చివర ఒక ఫస్ట్ షోలో... పాట రాలేదు.

ఆమె దండ తీసి పక్కన పెట్టింది. నోరు తెరిచింది— బొమ్మ ఎగిరింది. చూసేసరికి సభ అయిపోయి కారెక్కుతోంది.

హాలు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత అందరికంటే ముందు లేచింది మా మావయ్యే. "పాటేదిరా" అన్నాడు. నేల లేచింది, బెంచీలు లేచాయి. రెండు బెంచీల కాళ్ళు విరిగాయి, తెరమీద చెప్పులు పడ్డాయి. "పాటకోసం ఆ మాత్రం పోట్లాడని ఊరు ఊరేనా" అని ఆ సంగతి చాలాకాలం గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ తర్వాత ఆ పాట ఎక్కడా లేదు. రెండేళ్ళకి సినిమా మళ్ళీ వస్తే అందులోనూ లేదు. గ్రామఫోను ప్లేటు రాలేదు, రేడియోలో వేయలేదు. తెనాలి రికార్డుల షాపులో అడిగితే అసలలాంటి పాటే లేదు పొమ్మన్నారు. మావయ్య ఏడేళ్ళు దానికోసం వెతికాడు. చీర చూపిస్తూ చూపిస్తూ మధ్యలో ఆగి ఆ రెండు లైన్లూ కూనిరాగం తీసేవాడు. మూడో లైను గుర్తొచ్చేది కాదు. చచ్చేలోగా ఒక్కసారి అది వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేవాడు.

ఇక ఆ రాత్రి సంగతి.

డెబ్బై ఒకటి, కార్తీకమాసం. పెనుమూడిలో ఒక ఇంటి ఆడవాళ్ళు పది చీరలు విప్పించి ఒక్కటీ తీసుకోకుండా పొద్దు పోగొట్టారు. మూట భుజానేసుకుని నడిచి రేపల్లె చేరేసరికి పదిన్నర దాటింది. ఊరి మొదట్లో కిళ్ళీకొట్టువాడు తలుపు దించుతున్నాడు.

"తెనాలి బండి పోయిందా బాబాయ్?" అన్నాడు మావయ్య.

"పోయి గంటైంది. స్టేషన్లో పడుకుంటావా... అయితే హాలు పక్కనుంచి పోకు. మిల్లు చుట్టూ తిరిగి పో."

మిల్లు చుట్టూ తిరిగితే మైలు ఎక్కువ. మూట బరువు దెయ్యం కంటే ఎక్కువనిపించింది మావయ్యకి. మలుపు తిరిగాడు.

చీకటి. కొబ్బరాకు కూడా కదలడం లేదు. దూరంగా ఒక కుక్క మొరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఊరుకుంది. మావయ్య చూపు నేలమీదే ఉంచి, హాలు గోడ వెంట గబగబా నడుస్తున్నాడు. పది అడుగులు... పదిహేను...

*ఊరు ఊరంతా...*

కాళ్ళు ఆగిపోయాయి.

గోడ అవతల నుంచి. రేకుల కింద నుంచి. సన్నగా... చివర్లో జీరగా...

*విన్నది నా పా—*

తెగింది.

మావయ్య ఆంజనేయ దండకం ఎత్తుకుందామంటే మొదటి ముక్కే రాలేదు. పరిగెత్తాలి. మూట వదిలేసి పరిగెత్తాలి. అయినా కాళ్ళు గోడవైపే తిరిగాయి. ఏడేళ్ళుగా ఎక్కడా దొరకని గొంతు అది. వేరే ఎవరి గొంతూ కాదు, అదే.

"దెయ్యమైతే దెయ్యమేరా, ఆ మూడో లైనొక్కటి పాడితే చాలనుకున్నాను" అన్నాడు నాతో.

ఆడవాళ్ళ వైపు పక్కతలుపు ఓరగా తెరిచి ఉంది. మూట గుమ్మంలో దించాడు. తల లోపలికి పెట్టాడు.

తెరమీద వెలుగు. ఆ సినిమా పిల్ల ముఖం... నిండా గీతలు, వానలో నిలబడినట్టు. పెదాలు కదులుతున్నాయి. వెనకాల, పైన, మిషను గది కంతలోంచి వెలుగు వస్తోంది. మావయ్య ప్రాణం లేచొచ్చింది. సినిమా. ఎవరో మిషను ఆడిస్తున్నారు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

అప్పుడు చూశాడు.

ఆడవాళ్ళ బెంచీల్లో... మూడో వరసలో... ఒక తల. చెంగు ముసుగేసి ఉంది. కదలడం లేదు.

పాట మూడుచోట్ల తెగి ఆగిపోయింది; ఆ తలనే చూస్తున్న మావయ్యకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. తెర తెల్లబడింది. ఆ తల అలాగే ఉంది.

పైనించి చప్పట్లు. ఒక్క మనిషివి. నెమ్మదిగా... ఒకటి... రెండు... పది దాకా.

చప్పట్లు ఆగాక ఆ తల లేచింది. ఇటు తిరిగింది. తలుపువైపే వస్తోంది.

అరిచాననుకున్నాడు మావయ్య. వచ్చింది గాలి మాత్రమే. వెనక్కి అడుగేస్తే మూట కాళ్ళకి తగిలి వెల్లకిలా పడ్డాడు. పైన మిషను గది మెట్లమీద ఎవరో దబదబా దిగుతున్న చప్పుడు, ముఖం మీద టార్చి వెలుగు.

"ఎవరు బాబూ నువ్వు?"

"దొంగని కాదండి... చీరలవాణ్ణి..."

టార్చి పట్టుకున్నది ఆపరేటర్ దేవసహాయం. పాత మనిషే, జుట్టు తెల్లబడింది. వెలుగు పక్కకి తిరిగి ముసుగు తీసిన ముఖం మీద పడింది. మావయ్య ఆ ముఖం చూసి లేవడం కూడా మర్చిపోయాడు.

ఆ ముఖం ఆయనకి నాలుగేళ్ళుగా తెలుసు. స్టేషను గేటు పక్కన పొద్దున్నే ఇడ్లీలు వేసే శేషారత్నం. మాట తక్కువ మనిషి. ఎన్ని కావాలో వేళ్ళతో చూపిస్తే పెట్టేది. మొన్న మంగళవారం కూడా ఆమె చేతి ఇడ్లీ తిని రైలెక్కాడు. రేపల్లెలో ఆమె చేతి ఇడ్లీ తినని మనిషి లేడు. పొద్దున తిన్న ఆ మనుషులే రాత్రయ్యేసరికి ఆమె పాటకి జడుసుకుని తలుపులు బిగించుకుంటున్నారు.

"కాలవలో పడ్డారని..." అని గొణిగాడు.

"నేనూ విన్నాను" అంది శేషారత్నం. "ఏ కాలవంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు."

ఆమె వెళ్ళి బెంచీ మీద పెట్టిన లాంతరు వత్తి పెంచుకుంటోంది. దేవసహాయం మావయ్యని లేపి మెట్టుమీద కూచోబెట్టి, గుసగుసగా చెప్పాడు. అప్పటిదాకా ఆయన ఎవరికీ చెప్పలేదట.

శేషారత్నం తెనాలి నాటకాల్లో పాడేది. ఎలాగో ఆ సినిమాలో ఒక్క పాట దక్కింది. జనం దీనికి ఏమంటారో చూసి మిగతా సంగతి మాట్లాడదామన్నారు కంపెనీవాళ్ళు. తెనాలి ఏమీ అనలేదు. బాపట్ల ఏమీ అనలేదు. రేపల్లె వన్స్ మోర్ అంది. ఆ మాట తెలిసి ఆమె రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, ఆడవాళ్ళ బెంచీల్లో ముసుగేసుకు కూచునేది. తన పాట వినడానికి కాదు, జనం దాన్ని అడగడం వినడానికి. కంపెనీకి ఉత్తరం రాసింది. మనిషిని పంపి చూస్తామని, నిజమైతే తర్వాతి సినిమాలో పాటలన్నీ ఆమెకేనని జవాబు వచ్చింది.

"మరి వచ్చాడా ఆ మనిషి?" అన్నాడు మావయ్య.

"వచ్చాడు బాబూ. ప్రకాశరావుగారని. సరిగ్గా ఆ రోజే వచ్చాడు."

"ఏ రోజు?"

దేవసహాయం టార్చి ఆర్పేశాడు. చీకట్లో చెప్పడమే ఆయనకి తేలికనిపించినట్టుంది.

"రీలు చేత్తో వెనక్కి తిప్పితే అంచున చిల్లులు చిరుగుతాయి బాబూ. చిరిగినకాడ కత్తిరించి అతకాలి. అతికినప్పుడల్లా కొంత ముక్క పోద్ది. ఆటకి రెండుసార్లు, మూడుసార్లు... రోజూ. నాలుగు నిమిషాల పాట. అడిగి అడిగి జనమే దాన్ని తినేశారు. ఆ రోజు మ్యాట్నీలో మిగిలింది కూడా ముక్కలైపోయింది. ఇంక అతకడానికి లేక, తీసేసి ముందూ వెనకా కలిపేశాను. కంపెనీ ఆయన వస్తున్నాడని నాతో ఎవరూ అనలేదు."

మావయ్య మెట్టుమీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఆయన వెంకట్రామయ్యగారింట్లో భోంచేసి, సరిగ్గా ఆ సీనుకి లోపలికొచ్చాడు. బెంచీలు విరుగుతున్నాయి. తెరమీద చెప్పులు పడుతున్నాయి. ఏ సీనిది అని గేటు దగ్గరవాణ్ణి అడిగాడు. పాట సీనండి అన్నాడు వాడు. ఆ రాత్రే కూచుని ఉత్తరం రాశాడు. ఈ పాట వచ్చేసరికి జనం బెంచీలు విరగ్గొడుతున్నారు, అన్ని ప్రింట్లలోంచీ తీసేయండి అని."

"అలా కాదని నువ్వు చెప్పొచ్చుగా అన్నా..."

"చెబితే ప్రింటు పాడుచేసింది నేనని తేలుద్ది. నలుగురు పిల్లలు. మా ఇంటిది రాహేలుకి అప్పుడు నెలలు నిండాయి. నోరు మూసుకున్నాను. ఆవిడ స్టేషను దాకా పరిగెత్తి ఆయనతో చెప్పబోయింది. కళ్ళారా చూశానమ్మా ఇంకేం చెబుతావు అని రైలెక్కాడు. తర్వాత నాటకాలవాళ్ళు కూడా పిలవడం మానేశారు. పాడితే బెంచీలు విరుగుతాయని పేరు పడిపోయింది. తెనాల్లో ఉండలేక ఇక్కడికొచ్చింది."

కత్తిరించిన ముక్కలు ఆయన పారేయలేదు. ఒక డబ్బాలో దాచాడు. వాటిని ఒకదానికొకటి అతికితే నిమిషం పాట అయింది. నెలకోసారి, ఫస్ట్ షో వదిలాక, ఆమె ఒక్కదానికోసం వేస్తాడు.

"ఏడేళ్ళుగా ఒక్క మాట అనలేదు బాబూ నన్ను. తిట్టినా బావుండేది. పాటయ్యాక అలా కూచునే ఉంటుంది. నేను చప్పట్లు కొడితే గానీ లేవదు. అందుకని కొడతాను."

మావయ్య లేచాడు. ఏ గొడవని తన గొప్పగా ఏడేళ్ళు చెప్పుకు తిరిగాడో, ఆ గొడవే ఒక మనిషి బతుకుని ఇడ్లీ రేకుల దగ్గర కూచోబెట్టింది. "సిగ్గుతో చచ్చిపోవాలనిపించిందిరా" అన్నాడు. చచ్చిపోలేదు, వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. నాకు తెలిసి మా మావయ్య జన్మలో చేసిన ఒకే ఒక్క ధైర్యం పని అది.

"అక్కా... ఆ రోజు అందరికంటే ముందు లేచి అరిచింది నేనే. అంతకు ముందు వన్స్ మోర్ మొదలెట్టింది కూడా..."

శేషారత్నం లాంతరు ఎత్తి ఆయన ముఖం చూసింది.

"ఆ గొంతు నీదా తమ్ముడూ" అంది. "రోజూ ముందు అదే వినపడేది. ఆడవాళ్ళ వైపు అడ్డుగోడకి ఇవతల కూచుని దానికోసమే చెవులొగ్గేదాన్ని. అది రానిరోజు భయమేసేది. ఏ మోతుబరిదో అనుకున్నాను. ఇంత బక్క మనిషివనుకోలేదు."

మావయ్య చేతులు జోడించాడు. ఆమె అది చూడనట్టే ఉంది.

"ఒక్కసారి అను."

"ఏంటక్కా?"

"ఆ మాట. ఒక్కసారి."

వెనకనుంచి దేవసహాయం "వద్దమ్మా" అన్నాడు. "అతుకుల మీద అతుకులు. మిషను వేడిగా ఉంది. ఇప్పుడే ఆడిన ముక్క, మళ్ళీ వేస్తే తట్టుకోదు. వచ్చే నెల వేస్తాను, ఊరుకోండి."

"అననీ" అంది శేషారత్నం.

మావయ్యకి తెలుసు. అంటే ఏమవుతుందో దేవసహాయం అప్పుడే కదా చెప్పాడు. అయినా ఆ మనిషి దగ్గర అంతా తీసుకున్నవాడు, ఒక్క మాట ఎలా లేదంటాడు? నేల క్లాసులోకి వెళ్ళాడు. అప్పట్లో కూచునే చోట, ఎడమవైపు స్తంభం పక్కన, నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని కేకేశాడు.

"వన్స్ మోర్..."

ఖాళీ హాలు, రేకుల కప్పు. కేక అటూ ఇటూ తిరిగి, ఎంతోమంది అన్నట్టు వినపడింది. శేషారత్నం నవ్వింది. ఆమె నవ్వడం మావయ్య అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

దేవసహాయం పైకెళ్ళాడు. రీలు వెనక్కి చుడుతున్న చప్పుడు... మిషను తిరిగింది.

*ఊరు ఊరంతా విన్నది నా పాట...*

గీతల ముఖం. పూలదండ. *నువ్వొక్కడివే...*

బొమ్మ ఆగింది.

ఆ పిల్ల చెంప మీద గోధుమరంగు మచ్చ లేచింది. చూస్తుండగానే కన్నూ ముక్కూ కలుపుకుని పాకింది. పొంగింది, నల్లబడింది. కాలిన వాసన. తెర తెల్లగా అయిపోయింది.

పైనించి ఏ చప్పుడూ లేదు. ఆ రాత్రి దేవసహాయం చప్పట్లు కొట్టలేదు. మిషను పక్కన కూలబడి ఏడుస్తున్నాడని తర్వాత తెలిసింది.

శేషారత్నం కాసేపు కూచుని, తనంతట తనే లేచింది. లాంతరు తీసుకుంది. మావయ్య తలుపు దగ్గర ఆమెని అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఆ మూడో లైనేంటక్కా?"

ఆమె ఆగి ఆలోచించింది. పెదాలు కదిపి చూసుకుంది.

"ఏమో తమ్ముడూ. అందులోనే ఉండేది."

అంతే చెప్పి, పొద్దుటికి పిండి కలపాలని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తర్వాత హాల్లోంచి పాట వినపడలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఊరికి కారణం కావాలిగా. ఎవరో మంత్రాలు తెలిసిన కొండదొర వచ్చి గుమ్మంలో మేకు దిగ్గొట్టాడనీ, దెయ్యం ఏడ్చుకుంటూ ఏరు దాటి పోయిందనీ తేల్చారు. ఏడుపు విన్నవాళ్ళు కూడా ముగ్గురు బయల్దేరారు. మావయ్య నోరు విప్పలేదు. విప్పితే దేవసహాయం ఉద్యోగం పోతుంది. అయినా చెబితే నమ్మేదెవరు?

మాఘమాసంలో ఒక పొద్దున మావయ్య స్టేషను గేటు దగ్గర ఉండగా రిక్షా వచ్చింది. వెనక బోర్డు, మీద మైకు. వెంకట్రామయ్యగారు ఖర్చుకి వెనకాడలేదు, డప్పులు కూడా పెట్టించాడు. రైలు దిగిన జనం, ఎక్కే జనం, రిక్షావాళ్ళు, గుమిగూడారు. శేషారత్నం ఇడ్లీపాత్ర మూత తీసి చేత్తో పట్టుకుని ఉంది.

"మన హాలుకి పట్టిన పీడ విరగడైంది" అంది మైకు. "ఆ గొంతు ఇక జన్మలో వినపడదు. రేపటి నుంచి రోజూ సెకండ్ షో కలదు."

జనం చప్పట్లు కొట్టారు. ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళు కూడా అందుకున్నారు. చాలాసేపు కొట్టారు. అన్ని చప్పట్లు శేషారత్నం తన జన్మలో విని ఉండదన్నాడు మావయ్య. అవి ఆగేదాకా ఆమె ఆ మూత చేత్తో పట్టుకుని నిలబడే ఉంది.